రెండు సీట్ల విమానంలో మూడో మనిషికి చోటేదీ?

శనివారం పొద్దున అమెరికాలో ఏ చిన్న ఊరి ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్లినా ఈ దృశ్యం కంటబడొచ్చు. హ్యాంగర్ ముందు ఒక మడత బల్ల, దాని మీద ఫారాల కట్ట, పక్కన ఫ్లాస్కులో కాఫీ. పదేళ్ల పాప తన వంతు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. తల్లో తండ్రో ఫారం మీద సంతకం పెడతారు. కాసేపటికి తలనెరిసిన పెద్దాయన ఒకరు వచ్చి, పాపకు విమానం చుట్టూ తిప్పి చూపించి, పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, ఇరవై నిమిషాలు ఆకాశంలో తిప్పి తీసుకొస్తాడు. పైసా తీసుకోడు. ఇంధనం ఖర్చు కూడా ఆయనదే. డాలస్ వైపో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్లు కూడా పిల్లల్ని ఇలా తీసుకెళ్తుంటారు. సాయంత్రానికి ఫొటోలు వాట్సాప్‌లో అమ్మమ్మ తాతయ్యలకు చేరిపోతాయి.

ఇంతకీ ఆ పెద్దాయన ఎవరు? ఆయనకు విమానం నడపడం వచ్చని తెలుసు. అంతకుమించి తెలిసింది చాలా తక్కువ.

ఈ కార్యక్రమం పేరు యంగ్ ఈగల్స్. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓష్‌కోష్ కేంద్రంగా నడిచే ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్, క్లుప్తంగా ఈఏఏ, దీన్ని 1992లో మొదలుపెట్టింది. 8 నుంచి 17 ఏళ్ల లోపు పిల్లలను ఒక్కసారైనా ఉచితంగా చిన్న విమానం ఎక్కించాలన్నది ఆలోచన. రైట్ సోదరులు తొలిసారి ఎగిరి నూరేళ్లు నిండే 2003 డిసెంబరు 17 లోపు పది లక్షల మందిని ఎక్కించాలని లక్ష్యం పెట్టుకున్నారు, చేరుకున్నారు. 2016 జులైలో ఆ లెక్క ఇరవై లక్షలు దాటింది. ఇరవై లక్షల లెక్కను పూర్తి చేసిన అమ్మాయిని ఓష్‌కోష్‌లో స్వయంగా తిప్పింది నటుడు హారిసన్ ఫోర్డ్. ఇన్ని లక్షల మంది పిల్లలను ఎక్కించిన పైలట్లంతా వాలంటీర్లే.

వాలంటీర్ అనగానే ఆంధ్రప్రదేశ్‌లో చాలామందికి 2019 తర్వాత ఇంటింటికీ పింఛను తెచ్చిచ్చిన మనిషి గుర్తొస్తాడు. ఆయనకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఉండేది. ఇక్కడి వాలంటీరు తన జేబులోంచి ఖర్చుపెట్టుకుని వచ్చేవాడు. ఆ తేడా తెలియకపోతే 2016లో జరిగిన గొడవ అర్థం కాదు.

ఆ ఏడాది మే 1 నుంచి ఈఏఏ కొత్త నియమం తెచ్చింది. పిల్లలతో నేరుగా మెలిగే ప్రతి వాలంటీరూ, విమానం నడిపేవారైనా కింద ఫారాలు చూసేవారైనా, ఆన్‌లైన్‌లో చిన్న శిక్షణ పూర్తిచేయాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కు, అంటే నేర చరిత్ర తనిఖీకి, ఒప్పుకోవాలి. మూడేళ్లకోసారి మళ్లీ మొదటి నుంచి. ఖర్చు సంస్థ భరిస్తుంది. కాగితం మీద చూస్తే ఇందులో పెద్ద కష్టమేమీ లేదు. కానీ చాలామంది పైలట్లకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా నా విమానం, నా డబ్బు, నా సెలవు రోజు ఇచ్చి ఊళ్లో పిల్లల్ని తిప్పుతుంటే, ఇప్పుడు నేను నేరస్థుణ్ని కాదని నేనే రుజువు చేసుకోవాలా అన్నది వాళ్ల గోడు. అక్కడ మన ఆధార్ లాంటి సోషల్ సెక్యూరిటీ నంబరు ఏదో ప్రైవేటు కంపెనీ చేతిలో పెడితే, రేపు దాని సర్వర్లోంచి అది దొంగల పాలైతే దిక్కెవరు అన్నది రెండో మాట. ఇక మేం ఎగరం అని తేల్చి చెప్పినవాళ్లూ ఉన్నారు.

మొదటిది మనసుకు తగిలిన దెబ్బ. దానం చేసే చేతిని ఆధార్ కార్డు అడిగితే ఎవరికైనా చివుక్కుమంటుంది. రెండోది న్యాయమైన భయం. వీటితో పాటు ఇంకో వాదన గట్టిగా వినిపించింది: పైలట్లను ప్రభుత్వం ఎప్పుడో జల్లెడ పట్టింది, మళ్లీ పట్టడం దేనికి?

ఈ వాదన చూడ్డానికి బలంగానే ఉంటుంది. అమెరికాలో పైలట్ల లైసెన్సులు చూసే ఎఫ్ఏఏ, మద్యం లేదా మాదకద్రవ్యాల మత్తులో వాహనం నడిపిన కేసులో శిక్షపడినా, డ్రైవింగ్ లైసెన్సు రద్దయినా 60 రోజుల్లో తెలియజేయాలంటుంది. కంటి చూపు, గుండె, మందులు, మానసిక ఆరోగ్యం గురించి మెడికల్ పరీక్షలో అడుగుతుంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత పైలట్ల పేర్లను ఉగ్రవాదుల జాబితాలతోనూ పోల్చి చూస్తున్నారు. ఇంత వెతుకుతున్నా, అదంతా ఈ మనిషి విమానాన్ని కూల్చేస్తాడా, దాన్ని ఆయుధంగా వాడతాడా అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. పక్క సీట్లో కూర్చున్న పిల్లతో ఎలా ఉంటాడన్నది ఆ లైసెన్సులో ఎక్కడా ఉండదు. లారీ లైసెన్సు ఉన్నంత మాత్రాన స్కూలు బస్సు పిల్లల్ని అప్పగిస్తామా అంటే, మన దగ్గర అప్పగిస్తూనే ఉన్నాం, అది వేరే సంగతి.

సొంత పరిధిలోనైనా ఆ జల్లెడ అన్నీ పట్టదని బ్రిటన్‌లో ఒక ప్రమాదం చూపించింది. 2009 జూన్ 14న ఆక్స్‌ఫర్డ్‌షైర్ మీదుగా వెళ్తున్న రాయల్ ఎయిర్‌ఫోర్స్ శిక్షణ విమానం ఇంజిన్ లేని ఒక గ్లైడర్‌ను ఢీకొట్టింది. శిక్షణ విమానంలో ఉన్న పైలట్, 15 ఏళ్ల ఎయిర్ కేడెట్ (వైమానిక దళం పిల్లల విభాగంలో శిక్షణ పొందే అబ్బాయి) చనిపోయారు. గ్లైడర్ పైలట్ పారాషూట్‌తో బయటపడ్డాడు. మెడనూ వెన్నునూ బిగుసుకుపోయేలా చేసే వ్యాధి ఆ పైలట్‌కు ఉందని, దానివల్ల చుట్టూ తల తిప్పి చూడడం కష్టమయ్యేదని, ఆ స్థితిలో ఆయన పిల్లల్ని ఎక్కించుకుని ఎగరకుండా ఉండాల్సిందని దర్యాప్తులో తేలింది. ఆయనకు అనుభవానికి కొదవలేదు. వైద్యపరమైన అనుమతీ ఉంది. అనుమతి ఇచ్చేచోట అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

ఇక బ్యాక్‌గ్రౌండ్ చెక్ అసలు ఏం చూస్తుంది? ప్రైవేటు కంపెనీలు చేసేది ఎక్కువగా పేరు ఆధారంగా వెతకడం. సోషల్ సెక్యూరిటీ నంబరుతో ఆ మనిషి గతంలో ఏయే ఊళ్లలో ఉన్నాడో, ఏయే పేర్లు వాడాడో తీస్తారు. తర్వాత ఆయా కౌంటీల (మన జిల్లాల లాంటివి) కోర్టు రికార్డుల్లో, లైంగిక నేరస్థుల బహిరంగ జాబితాల్లో గాలిస్తారు. నంబరు ఎందుకని కసురుకున్న పైలట్లకు జవాబు అదే. అది లేకపోతే ఒకే పేరున్న వందమందిలో ఎవరు ఎవరో తేలదు.

తెలుగువాళ్లకు ఈ చిక్కు విడమర్చి చెప్పనక్కర్లేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, డ్రైవింగ్ లైసెన్సులో వెనక, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం. అంతకన్నా ముఖ్యమైంది ఇంకోటుంది. ముప్పై ఏళ్ల వయసులో అమెరికా వెళ్లిన మనిషి గురించి అక్కడి కౌంటీ కోర్టులో వెతికితే ఆ ముప్పై ఏళ్లూ ఖాళీగా కనిపిస్తాయి. ఖాళీకీ శుభ్రానికీ తేడా ఆ రిపోర్టు చెప్పదు.

వేలిముద్రల దారి ఇంతకన్నా గట్టిది. అమెరికా వైమానిక దళానికి అనుబంధంగా పనిచేసే సివిల్ ఎయిర్ పెట్రోల్ 1941 డిసెంబరు 1న పుట్టింది. పన్నెండేళ్లు నిండిన పిల్లల్ని కేడెట్లుగా చేర్చుకుని విమానాల్లోనూ గ్లైడర్లలోనూ తిప్పుతుంది. అక్కడ చేరే పెద్దల వేలిముద్రలు ఎఫ్‌బీఐకి వెళ్తాయి. పేరు మార్చుకున్నా, రాష్ట్రం మారినా వేలు మారదు. పిల్లల సంస్థల వాలంటీర్లను ఇలా పరీక్షించేందుకు 2003 నాటి చట్టంతో అమెరికా ఒక ప్రయోగం చేస్తే, పరీక్షించినవారిలో సుమారు 6 శాతం మందికి పట్టించుకోవాల్సిన నేర చరిత్ర బయటపడింది. తనిఖీ ఉంటుందని ముందే తెలిసి కూడా దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల లెక్క అది. తెలిసి వెనక్కి తగ్గినవాళ్లను ఎవరూ లెక్కపెట్టలేరు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసే పెద్ద మేలు బహుశా ఇదే, ఫారం చూసి కొందరు ఇంటికి వెళ్లిపోవడం.

అయితే వేలిముద్రకైనా ఒకసారి పోలీసులకు దొరికి ఉండాలి. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టరు లారీ నాసర్ రెండు దశాబ్దాలకు పైగా వైద్యం ముసుగులో ఆడపిల్లలపై అఘాయిత్యాలు చేశాడు. 2016లో బయటపడేదాకా అతని మీద ఒక్క శిక్ష కూడా లేదు. ఏ తనిఖీ పెట్టినా అతను నెగ్గేవాడే. బ్రిటన్‌లో ఇంకో రకం వైఫల్యం. 2002 ఆగస్టులో సోహమ్ అనే ఊళ్లో పదేళ్ల పిల్లలిద్దరిని చంపినవాడు అక్కడి పాఠశాలలో కేర్‌టేకర్. అంతకుముందు వేరే జిల్లాలో మైనర్ బాలికల విషయంలో అతని మీద పదేపదే ఫిర్యాదులొచ్చాయి. ఏదీ శిక్ష దాకా వెళ్లలేదు, ఆ సమాచారం కొత్త ఊరికి చేరలేదు. ఆ ఘటనపై 2004లో వచ్చిన బిచర్డ్ నివేదిక తర్వాత బ్రిటన్ వ్యవస్థను తిరగరాసింది. ఇప్పుడు అక్కడ ఎయిర్ కేడెట్లతో పనిచేసే వాలంటీర్లకు జరిగే మెరుగైన స్థాయి డీబీఎస్ (నేర చరిత్ర చూసే ప్రభుత్వ సంస్థ) తనిఖీలో శిక్షలతో పాటు, సంబంధం ఉందనుకుంటే స్థానిక పోలీసుల దగ్గరున్న సమాచారం కూడా చేరుస్తారు. వాలంటీర్లకు ఇది ఉచితం.

దీనికీ ఒక ధర ఉంది. కోర్టు కొట్టేసిన ఆరోపణ, పగబట్టి పెట్టిన కేసు కూడా ఆ కాగితం మీదికి ఎక్కే అవకాశం ఉంది. పిల్లల రక్షణ ఒకవైపు, నిర్దోషి పరువు ఇంకోవైపు. బ్రిటన్ మొదటివైపు మొగ్గింది. అది సబబే అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ అడుగుతున్నది ఉద్యోగం కాదు, జైలు శిక్ష కాదు. ఒకరి పిల్లతో ఒంటరిగా ఉండే అవకాశం. అది ఎవరికీ హక్కు కాదు.

సంస్థలు ఈ దారి పట్టడానికి మంచితనం ఒక్కటే కారణం అనుకుంటే అమాయకత్వం. బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా, పిల్లలకు దూరంగా ఉంచాల్సిన పెద్దల గురించి 1920ల నుంచే రహస్యంగా ఫైళ్లు రాసిపెట్టుకుంది. కోర్టు ఆదేశంతో 2012లో వాటిలో పన్నెండు వందలకు పైగా బయటికొచ్చాయి. 2020 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది. ఎనభై రెండు వేలకు పైగా బాధితులు ముందుకొచ్చారు, పరిహారం 246 కోట్ల డాలర్ల దాకా వెళ్లింది. తెలిసీ దాచారన్నదే అక్కడ అసలు నేరం. ఆ ఫైళ్లు బయటపడ్డాక పిల్లలతో పనిచేసే ఏ సంస్థకూ, దానికి బీమా ఇచ్చే కంపెనీకీ పాత ధీమా మిగల్లేదు.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. తనిఖీ గతాన్ని చూస్తుంది. పిల్లలను కాపాడే రెండో పద్ధతి ఇప్పటి పరిస్థితిని చూస్తుంది: ఏ పెద్ద మనిషీ ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ కనీసం ఇద్దరు పెద్దలుండాలి. స్కౌట్స్ నుంచి చర్చిల దాకా అందరూ నమ్ముకున్న సూత్రం ఇదే. తనిఖీలో నెగ్గే నాసర్ లాంటివాణ్ని అడ్డుకోగలిగేది కూడా ఇదొక్కటే. ఎవరు మంచివాళ్లో తేల్చే బాధ్యతను అది ఎవరి మీదా పెట్టదు, చెడు చేసే వీలునే తీసేస్తుంది.

విమానయానంలో మాత్రం ఈ సూత్రం సరిగ్గా రన్‌వే మీదే ఆగిపోతుంది. సెస్నా 172 అనే చిన్న విమానంలో నాలుగు సీట్లుంటాయి. పైలట్, ఇద్దరు ముగ్గురు పిల్లలు, ఒకరినొకరు చూసుకుంటూ వెళ్లొచ్చు. కానీ ఈఏఏ పుట్టిందే ఇంటి షెడ్డులో విమానం కట్టుకునేవాళ్ల సంఘంగా, 1953లో. వాళ్ల విమానాల్లో చాలా వాటికి సీట్లు రెండే. సెస్నా 150కీ రెండే. ఒకటి పైలట్‌ది, ఒకటి పిల్లది. మూడో మనిషి ఎక్కడ కూర్చోవాలి? నియమం కోసం ఆ విమానాలను పక్కన పెడితే కార్యక్రమం సగం మూతపడుతుంది. అందుకే గాల్లో ఉన్నంతసేపూ ఒంటరితనానికి మినహాయింపు ఇవ్వక తప్పదు. పిల్లల రక్షణ విధానం రాసేవాళ్లకు ఇంతకన్నా ఇబ్బంది ఏముంటుంది, ఏ గదికైతే తలుపు తెరిచి ఉంచమని చెప్తారో, ఆ గది వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది.

కానీ కాస్త నిదానంగా ఆలోచిస్తే భయపడాల్సింది ఆ ఇరవై నిమిషాల గురించి కాదేమో. పైలట్ చేతులూ కళ్లూ పనిలో ఉంటాయి. రేడియో మోగుతుంటుంది. ఎప్పుడు లేచాడో ఎప్పుడు దిగాడో కింద పదిమంది చూస్తుంటారు. ఆలస్యమైతే అడుగుతారు. అసలు సందు విమానం దిగాక మొదలవుతుంది. పిల్ల కళ్లు మెరుస్తుంటాయి. ఇంట్లో ఎవరికీ లేని విద్య ఈయన చేతిలో ఉంది. నీకు బాగా పట్టుబడుతుంది, వచ్చే వారం నా హ్యాంగర్‌కి రా, రెక్కలు తుడిస్తే మళ్లీ తిప్పుతా. ఈ మాట అనే వందమందిలో తొంభై తొమ్మిది మంది మంచి మనసుతోనే అంటారు. ఎయిర్‌ఫీల్డ్ చుట్టూ తిరుగుతూ, విమానాలు కడుగుతూ, పెద్దల దగ్గర విద్య నేర్చుకున్న పిల్లల కథలు అమెరికన్ పైలట్లు ముచ్చటగా చెప్పుకుంటారు. గురువు దగ్గర చాకిరీ చేసి విద్య నేర్చుకోవడం మనకూ కొత్త కాదు. అయితే పిల్లల్ని మచ్చిక చేసుకోవాలనుకునేవాడికి కావాల్సినవన్నీ అక్కడే ఉన్నాయి: పొగడ్త, బహుమతి, రహస్యం, తల్లిదండ్రులకు తెలియని విద్య, తలుపు మూస్తే ఎవరికీ కనపడని షెడ్డు.

అందుకే మంచి విధానం బరువంతా నేల మీద పడాలి. హ్యాంగర్ తలుపు తెరిచి ఉండాలి. పిల్లకు పంపే మెసేజ్ ఏదైనా తల్లిదండ్రులకూ వెళ్లాలి. మళ్లీ ఎగరాలంటే పైలట్ ఫోను ద్వారా కాదు, చాప్టర్, అంటే సంస్థ స్థానిక శాఖ, ద్వారా రావాలి. బెల్టు బిగించేటప్పుడు ఒంటి మీద చేయి పడక తప్పదు. కాబట్టి అమ్మో నాన్నో చూస్తుండగా, ఏం చేస్తున్నాడో నోటితో చెబుతూ బిగించాలి. ఏ పిల్ల ఏ విమానంలో ఎవరితో వెళ్లిందో కాగితం మీద ఉండాలి. వీటిలో దేనికీ డబ్బు ఖర్చు కాదు, సోషల్ సెక్యూరిటీ నంబరూ అక్కర్లేదు. 2016లో మండిపడ్డ పైలట్లు గమనించాల్సిన సంగతి ఇంకోటి ఉంది. ఎవరైనా వాళ్ల మీద తప్పుడు ఆరోపణ చేస్తే కాపాడేవి కూడా ఇవే. మూడేళ్ల నాటి రిపోర్టు అప్పుడు ఎందుకూ పనికిరాదు.

మన దేశం సంగతికొస్తే, పిల్లలకు విమానం రుచి చూపించే పెద్ద సంస్థ ఎన్‌సీసీ ఎయిర్ వింగ్. మైక్రోలైట్‌లో కేడెట్ పక్కన కూర్చునేది వైమానిక దళం అధికారి. కాలేజీలో కేడెట్లను చూసుకునేది అదే కాలేజీ అధ్యాపకుడు. పైనుంచి కింద దాకా అడిగేవాళ్లున్న వ్యవస్థ కాబట్టి అమెరికా తరహా వాలంటీర్ చిక్కు ఇక్కడ తక్కువ. కానీ ఆ యూనిఫాం మీదున్న నమ్మకమే అపాయంగా మారిన సంఘటన మన పొరుగునే జరిగింది. 2024 ఆగస్టులో తమిళనాడు కృష్ణగిరి జిల్లాలోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఎన్‌సీసీ క్యాంపు పేరుతో ఆడపిల్లలను రాత్రిళ్లు బడిలోనే ఉంచారు. శిక్షకుడిగా వచ్చినవాడు ఒక బాలికపై లైంగిక దాడి చేశాడని, మరికొందరిని వేధించాడని కేసు నమోదైంది. ఆ క్యాంపుతో, ఆ మనిషితో తమకు సంబంధమే లేదని ఎన్‌సీసీ ప్రకటించింది. అతను నిజంగా ఎన్‌సీసీ మనిషేనా అని ఒక్క ఫోన్ చేసి కనుక్కుంటే తేలిపోయేది. సంగతి తెలిశాక పోలీసులకు చెప్పకుండా తొక్కిపెట్టారన్న ఆరోపణపై బడి పెద్దలనూ అరెస్టు చేశారు. పోక్సో చట్టం కింద, తెలిసి చెప్పకపోవడం కూడా నేరమే.

చట్టం లేక కాదు. 2020 మార్చిలో అమల్లోకి వచ్చిన పోక్సో నిబంధనలు, పిల్లలతో తరచూ మెలిగే బడులు, క్రీడా అకాడమీలు, ఇతర సంస్థలు తమ సిబ్బందికి ఎప్పటికప్పుడు పోలీస్ వెరిఫికేషన్ చేయించాలని, పిల్లల భద్రతపై శిక్షణ ఇప్పించాలని చెబుతున్నాయి. బోధించేవారు, బోధించనివారు, పర్మినెంటు, కాంట్రాక్టు, అందరూ ఇందులోకి వస్తారు. ఎంతవరకు అమలవుతోందన్నది 2022లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో తెలిసొచ్చింది. అక్కడి ఒక పాఠశాలలో నాలుగేళ్ల పాపపై అఘాయిత్యం చేసి శిక్షపడినవాడు ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. పిల్లలతో అతనికి పనే లేదు, కానీ వాళ్లున్నచోటికల్లా వెళ్లగలిగేవాడు. 2018లో కేంద్రం లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ తెచ్చింది గానీ, దాన్ని పోలీసులు, దర్యాప్తు సంస్థలే చూడగలరు. బడి హెడ్మాస్టరు నేరుగా అడిగితే దొరికేది కాదు.

ఆ 2020 నిబంధనలోని ఒక పదం దగ్గర ఇంకాస్త ఆగాలి. అది మాట్లాడేది సంస్థ ఉద్యోగుల గురించి. ఉచితంగా వచ్చేవాడు ఉద్యోగి కాదు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో బడులు డ్రోన్ వర్క్‌షాపులనీ, ఏరోమోడలింగ్ క్యాంపులనీ బయటివాళ్లను పిలుస్తున్నాయి. పెట్టెలో బాల్సా చెక్క, చిన్న మోటారు, రిమోట్ పట్టుకుని వచ్చే మనిషి రెండు రోజులుంటాడు. మైదానంలో పిల్లలు అతని చుట్టూ మూగుతారు. బాగా ఎగరేసిన ఇద్దరు ముగ్గురి ఫోను నంబర్లు తీసుకుంటాడు, ఇంకా నేర్పిస్తానంటాడు. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరులో ఆయన పేరు, బండి నంబరు, వచ్చిన టైము ఉంటాయి. ఆఫీసు గదిలో ఆయన గురించి ఇంకే కాగితమూ ఉండదు.